బ్యాటరీ ఛార్జింగ్ పరిమితి

ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, ట్యాబ్‌ల వంటి పరికరాల్లోని లిథియం అయాన్ బ్యాటరీని పూర్తిగా నింపకుండా, సాధారణంగా 80 శాతం దగ్గర, ఛార్జింగ్ ఆపేయడాన్ని ఛార్జింగ్ పరిమితి అంటారు. బ్యాటరీ ఎక్కువ ఏళ్లు పనిచేయాలన్నది దీని ఉద్దేశం. నిండా ఛార్జింగ్ ఉన్న బ్యాటరీ ఎవరూ వాడకపోయినా లోలోపల అరుగుతూనే ఉంటుంది. వేడి తోడైతే ఆ అరుగుదల ఇంకా వేగవంతమవుతుంది. కాబట్టి చలి దేశాల్లో కంటే కడప జిల్లా వంటి ఎండల సీమలోనే ఈ పద్ధతి ఎక్కువ మేలు చేస్తుంది. ఉదాహరణకు, ఆ జిల్లా ఎర్రగుంట్ల మండలంలోని చిలమకూరు సిమెంటు కర్మాగారానికీ, నాపరాతి గనులకూ పేరుపడ్డ ఊరు. దాని చుట్టూ ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాలన్నింటిలో మే నెల పగటి వేడి 40 డిగ్రీల సెల్సియస్ దాటడం మామూలే. కొన్ని రోజులు 44, 45 డిగ్రీల దాకా పోతుంది. ఆపిల్ వంటి సంస్థలు తమ ఫోన్లను 35 డిగ్రీలకు మించని వాతావరణంలో వాడాలని చెబుతాయి. ఆ లెక్కన ఇక్కడి ఫోను వేసవి పొడవునా పగటిపూట హద్దు దాటిన వేడిలోనే పనిచేస్తుంది.

బ్యాటరీ లోపల జరిగేది

ఫోన్లలో సాధారణంగా ఉండే లిథియం అయాన్ బ్యాటరీకి కోబాల్ట్, నికెల్ వంటి లోహాల ఆక్సైడ్‌తో చేసిన ధన ధ్రువం, గ్రాఫైట్‌తో చేసిన ఋణ ధ్రువం ఉంటాయి. ఛార్జింగ్ పెట్టినప్పుడు లిథియం అయాన్లు ధన ధ్రువాన్ని వదిలి, ఎలక్ట్రోలైట్ అనే ద్రవం గుండా సాగి, గ్రాఫైట్ పొరల నడుమ చేరతాయి. వాడేటప్పుడు వెనక్కి వస్తాయి. లిథియం కోబాల్ట్ ఆక్సైడ్ ఈ పనికి పనికొస్తుందని 1980లో ఆక్స్‌ఫర్డ్‌లో జాన్ గుడెనఫ్ చూపారు. జపాన్‌లో అకిరా యోషినో 1985లో దానికి కార్బన్ ఋణ ధ్రువాన్ని జతచేశారు. 1991లో సోనీ సంస్థ ఈ బ్యాటరీని బజారులోకి తెచ్చింది. అంతకుముందే లిథియం బ్యాటరీలకు దారి వేసిన స్టాన్లీ విటింగ్‌హామ్‌తో కలిపి ఈ ఇద్దరికీ 2019లో రసాయన శాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది.

కోబాల్ట్ ఆక్సైడ్‌లో ఉన్న లిథియాన్నంతా బయటికి లాగితే దాని స్ఫటిక నిర్మాణం నిలవదు. దాదాపు సగం దగ్గర ఆపాలి. ఆ ఆపాల్సిన చోటును వోల్టేజీతో గుర్తిస్తారు. ఏళ్లతరబడి అది ఒక్కో సెల్లుకు 4.2 వోల్టులు. పదార్థాల మీది పైపూతలు, మిశ్రమాలు మెరుగయ్యాక ఫోన్ల సెల్లులను 4.35, 4.45 వోల్టుల దాకా తీసుకుపోతున్నారు. కాబట్టి తెర మీద కనిపించే 100 శాతమనే గీతను తయారీదారే గీస్తాడు. ఒకసారి పెట్టిన ఛార్జింగ్ ఎంతసేపు రావాలి, బ్యాటరీ ఎన్నేళ్లు నిలవాలి అనే రెండింటినీ బేరీజు వేసుకుని గీసిన గీత అది. ఛార్జింగ్ పరిమితి పెట్టుకున్న వినియోగదారు ఆ గీతను తన అవసరాన్ని బట్టి కొంచెం కిందికి జరుపుకుంటున్నాడంతే.

వోల్టేజీ పెరిగేకొద్దీ రెండు చోట్ల నష్టం జరుగుతుంది. ధన ధ్రువం దగ్గర ఎలక్ట్రోలైట్ ఆక్సీకరణకు లోనై విచ్ఛిన్నమవుతుంది. అందులోంచి వాయువులు పుడతాయి. బ్యాటరీ ఉబ్బడానికి మూలం ఆ వాయువులే. ఋణ ధ్రువం మీద తొలి ఛార్జింగ్‌లోనే ఒక సన్నని పొర ఏర్పడుతుంది. ఎలక్ట్రోలైట్‌నూ గ్రాఫైట్‌నూ ఒకదానికొకటి తగలకుండా కాపాడేది ఆ పొరే కనుక అది లేనిదే బ్యాటరీ పనిచేయదు. అయితే కాలం గడిచేకొద్దీ ఆ పొర మందమవుతూ లిథియాన్ని తనలో కలిపేసుకుంటుంది. అలా చిక్కుకున్న లిథియం ఇక తిరగదు. ‘ఛార్జింగ్ నిలవడం లేదు’ అని వాడేవారు అనే స్థితికి చాలా మటుకు కారణం ఇదే.

ఈ అరుగుదలను రెండు రకాలుగా లెక్కిస్తారు. నింపి ఖాళీ చేసినందువల్ల కలిగేది వాడకపు అరుగుదల. ఊరికే ఉంచినా కాలంతో పాటు వచ్చేది వయసు అరుగుదల. మొదటిదాన్ని ఆవృత్తుల్లో కొలుస్తారు. ఒకరోజు సగం, మరుసటి రోజు సగం వాడితే రెండూ కలిపి ఒక ఆవృత్తి. రెండోదాన్ని జనం పెద్దగా పట్టించుకోరు గానీ, వేడి ప్రాంతంలో అసలు దెబ్బ అక్కడే తగులుతుంది. తరచుగా ఉదహరించే అంచనాల ప్రకారం 25 డిగ్రీల దగ్గర 40 శాతం ఛార్జింగ్‌తో ఏడాది పాటు ఉంచిన బ్యాటరీలో సుమారు 96 శాతం సామర్థ్యం మిగులుతుంది. నిండా ఛార్జింగ్‌తో ఉంచితే సుమారు 80 శాతమే. అదే 40 డిగ్రీల వేడిలో అయితే 40 శాతంతో ఉంచినదానిలో 85, నిండా ఉంచినదానిలో 65. సెల్లు రకాన్ని బట్టి ఈ అంకెలు మారతాయి, దిశ మాత్రం మారదు. నాలుగింటిలో రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడాలి: చల్లగా ఉంచి నిండా నింపిన బ్యాటరీ కంటే, వేడిలో ఉంచినా సగం లోపే నింపిన బ్యాటరీ మెరుగ్గా మిగిలింది.

రసాయన చర్యల వేగం పది డిగ్రీలకు ఒకసారి సుమారుగా రెట్టింపవుతుందన్నది పాత సూత్రం. 25 డిగ్రీల గదిలో ఉన్న ఫోనుకూ 45 డిగ్రీలకు చేరిన ఫోనుకూ ఈ లెక్కన నాలుగు రెట్ల తేడా ఉంటుంది.

ఎండల సీమలో ఫోను

చిలమకూరు, ఎర్రగుంట్ల ప్రాంతంలో నాపబండ ఇంటిలో చాలా చోట్ల ఉంటుంది: నేల మీద, గోడల్లో, పాత ఇళ్లలోనైతే దూలాల మీద పరిచిన పైకప్పుగానూ. పగలంతా ఎండకు కాగిన బండ కప్పు పొద్దుగూకాక ఆ వేడిని నెమ్మదిగా ఇంటిలోకి దించుతుంది. రాత్రి పదింటికి బయట గాలి చల్లబడ్డా లోపల ఉక్క తగ్గదు. ఫోను ఛార్జింగ్ పెట్టేది సరిగ్గా అప్పుడే. పదింటికి పెట్టిన ఫోను పన్నెండు లోపే నిండిపోతుంది. తెల్లవారి ఆరింటికి తీసేదాకా ఆ వేడి గదిలో నూరు శాతం దగ్గరే ఉంటుంది. కొంచెం తగ్గగానే ఛార్జరు మళ్లీ నింపుతుంది. దిండు పక్కనో, పరుపు మీదో పెట్టి, పైన రబ్బరు పౌచ్ కూడా ఉంటే ఛార్జింగ్ వల్ల పుట్టిన వేడి పోయే దారి ఉండదు. బ్యాటరీకి ఇంతకంటే హాని చేసే ఏర్పాటు ఇంటిలో మరొకటి ఉండదు. అదే ఇంటిలో నేలమీది నాపబండ రాత్రిపూట చల్లగా ఉంటుంది. పౌచ్ తీసి ఫోనును ఆ బండ మీద పెట్టి, 80 శాతం పరిమితి పెట్టుకుంటే వేడి, వోల్టేజీ రెండూ ఒకేసారి తగ్గుతాయి. ఒక్క నిద్ర సమయంలోనే కాపాడగలిగినంత కాపాడినట్టు.

పగటి వాడకం వేరు. గనిలో, బండల పాలిష్ ఫ్యాక్టరీలో, పొలంలో పనిచేసేవారి ఫోను చొక్కా జేబులోనో, ట్రాక్టర్ ముందు పలక మీదో, గట్టు మీద ఎండలోనో ఉంటుంది. ఎండ నేరుగా తగిలిన నల్లటి తెర కొద్ది నిమిషాల్లో చుట్టూ ఉన్న గాలి కంటే బాగా వేడెక్కుతుంది. ఎండలో నిలిపిన కారు లోపల 60 డిగ్రీలు దాటవచ్చు. అలాంటి చోట పవర్ బ్యాంక్ తగిలించి ఛార్జింగ్ పెట్టడం రెండు వైపులా నష్టం: ఫోనులో ఒక బ్యాటరీ, పవర్ బ్యాంక్‌లో మరొకటి, రెండూ కాగుతాయి. ఫోన్లకు ఇందులో కొంత స్వయంరక్షణ ఉంది. బాగా వేడెక్కితే ఛార్జింగ్ వేగం తగ్గించుకుంటాయి, లేదా పూర్తిగా ఆపేస్తాయి. ఐఫోన్లు వేడి ఎక్కువైతే 80 శాతం పైన నింపకుండా ఆగిపోవడం కూడా ఉంది. ‘ఛార్జింగ్ ఎక్కడం లేదు’ అని వేసవిలో రిపేరు దుకాణానికి తెచ్చే ఫోన్లలో కొన్నింటికి నీడే మందు.

ఈ స్వయంరక్షణ వెనుక ఒక చేదు చరిత్ర ఉంది. 2006లో సోనీ బ్యాటరీలున్న ల్యాప్‌టాప్‌లు కొన్ని నిప్పంటుకోవడంతో లక్షలాది బ్యాటరీలను తయారీదారులు వెనక్కి తీసుకున్నారు. తర్వాత 2007లో జపాన్ ఎలక్ట్రానిక్స్ పరిశ్రమల సంఘం మార్గదర్శకాలు ఇస్తూ, సెల్లు 45 డిగ్రీలు దాటితే గరిష్ఠ వోల్టేజీని, ఛార్జింగ్ కరెంటును తగ్గించాలని, 60 దాటితే ఛార్జింగ్ అసలు జరగకూడదని చెప్పింది. వేడిలో వోల్టేజీ తగ్గించాలన్న ఆ నియమమే ఛార్జింగ్ పరిమితికి మూలసూత్రం. 2016లో గెలాక్సీ నోట్ 7 ఫోన్లు కాలిపోయినప్పుడు, వాటిని వెనక్కి ఇవ్వని వారి ఫోన్లు 60 శాతం మించి ఛార్జింగ్ కాకుండా శామ్‌సంగ్ దక్షిణ కొరియాలో సాఫ్ట్‌వేర్ మార్పు పంపింది. అక్కడ లోపం ఆ బ్యాటరీలదే. పరిమితి పెట్టింది ప్రమాదాన్ని తగ్గించడానికి.

చివరి 20 శాతం

లిథియం బ్యాటరీని రెండు దశల్లో నింపుతారు. మొదటి దశలో స్థిరమైన కరెంటు పంపుతారు. వోల్టేజీ నెమ్మదిగా పెరుగుతుంది. గరిష్ఠ వోల్టేజీ చేరాక దాన్ని అక్కడే నిలిపి కరెంటును తగ్గిస్తూ పోతారు. సీట్లు దాదాపు నిండిన బస్సులో ఎక్కినవారు చోటు వెతుక్కోవడానికి ఆలస్యమైనట్టు, గ్రాఫైట్ పొరలు నిండేకొద్దీ అయాన్లు చేరడం నెమ్మదిస్తుంది. 20 నుంచి 80 దాకా చకచకా ఎక్కిన ఫోను 80 నుంచి 100కి రావడానికి అంతే సేపు తీసుకోవడానికి కారణం ఇది. ఆ చివరి భాగంలోనే సెల్లు అత్యధిక వోల్టేజీ దగ్గర ఎక్కువసేపు నిలుస్తుంది. పరిమితి పెట్టుకున్నవాడు తక్కువ సామర్థ్యాన్ని వదులుకుని ఎక్కువ శ్రమను తప్పిస్తున్నాడు.

ఎంత లాభం? 4.2 వోల్టుల సెల్లును 4.1 దగ్గర ఆపితే ఆవృత్తుల సంఖ్య సుమారు రెండింతలు అవుతుందని, 4.0 దగ్గర ఆపితే మరో రెండింతలు అవుతుందని స్థూలంగా లెక్కిస్తారు. 4.1 దగ్గర సామర్థ్యంలో పదో వంతుకు పైగా, 4.0 దగ్గర పావు వంతుకు పైగా వదులుకోవాలి. 5000 మిల్లీ ఆంపియర్ అవర్ల ఫోనులో 80 శాతం అంటే 4000. సాయంత్రానికే ఛార్జింగ్ అయిపోయేంత వాడకం ఉన్నవారికి ఈ బేరం గిట్టదు. ఇంట్లోనో, ఆఫీసులోనో ప్లగ్గుకు దగ్గరగా ఉండి, ఫోనును నాలుగైదేళ్లు వాడదలచినవారికి బాగా గిట్టుతుంది. రెండేళ్లకే ఫోను మార్చేవారికి పెద్దగా తేడా తెలియదు. కానీ ఆ పాత ఫోనును తర్వాత ఇంటిలో పిల్లలో, పెద్దవాళ్లో వాడతారు కనుక ఆ లెక్కనూ కలుపుకోవాలి.

ప్రయాణం, ఆసుపత్రి, పెళ్లి వంటి అవసరాలు ఉన్న రోజు నిండా పెట్టుకోవడంలో తప్పేమీ లేదు. మోటారుకు మొబైల్ స్టార్టరు బిగించుకుని ఫోనుతోనే నీళ్లు పెట్టే రైతుకు ఫోను ఆగిపోతే ఆ పూట తడి పోతుంది. అతను పరిమితి కోసం ఆ ఇబ్బంది పడనక్కరలేదు. నిండిన బ్యాటరీని వెంటనే వాడటం మొదలుపెడితే నష్టం కొంచెమే. నిండా పెట్టి వేడిలో గంటల తరబడి వదిలేయడమే చెరుపు.

పరికరాల్లో ఈ ఏర్పాటు

ఈ సదుపాయం ముందుగా ల్యాప్‌టాప్‌లలో వచ్చింది. రోజంతా ప్లగ్గులోనే ఉండే పరికరం కావడం దీనికి కారణం. థింక్‌ప్యాడ్ కంప్యూటర్లలో ఛార్జింగ్ ఎక్కడ మొదలవ్వాలి, ఎక్కడ ఆగాలి అనే రెండు అంకెలనూ వినియోగదారే పెట్టుకునే వీలు చాలా ఏళ్లుగా ఉంది. సోనీ వాయో ల్యాప్‌టాప్‌లు 50, 80 శాతాల దగ్గర ఆగే ఎంపికలు ఇచ్చాయి. ఆసుస్‌లో 60, 80, 100 అనే మూడు మెట్లున్నాయి; డెల్, లెనోవో, హెచ్‌పీ యంత్రాల్లో బయోస్ సెట్టింగుల్లోనో, కంపెనీ ఇచ్చే సాఫ్ట్‌వేర్‌లోనో ఇలాంటి ఎంపికలు కనిపిస్తాయి. లినక్స్ వాడేవారు చాలా మోడళ్లలో ఆగాల్సిన శాతాన్ని నేరుగా ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్‌కే చెప్పవచ్చు. ఇంటి నుంచి పనిచేస్తూ ల్యాప్‌టాప్‌ను ఎప్పుడూ ప్లగ్గులో ఉంచేవారికి 60 శాతం చాలు, కరెంటు తరచూ పోయే చోట 80 పెట్టుకోవచ్చు.

ఫోన్లలో మొదట వచ్చింది తెలివిగా ఆలస్యం చేసే పద్ధతి. ఆపిల్ 2019లో ఐఓఎస్ 13తో తెచ్చిన ఏర్పాటులో ఫోను యజమాని అలవాట్లను గమనించి, రాత్రంతా 80 దగ్గర ఆగి, నిద్రలేచే వేళకు 100కి చేరుతుంది. పిక్సెల్ ఫోన్లలో గూగుల్ 2020లో ఇలాంటిదే పెట్టింది. వేళలు రోజుకోలా మారే షిఫ్టు కార్మికుల విషయంలో ఈ అంచనా తరచూ తప్పుతుంది. వారికి స్థిరమైన పరిమితే నయం. ఆ స్థిరమైన 80 శాతం ఎంపికను ఆపిల్ 2023లో ఐఫోన్ 15తో ఇచ్చింది. 2024లో ఐఓఎస్ 18లో 80 నుంచి 100 దాకా అయిదేసి శాతాల మెట్లు పెట్టింది. శామ్‌సంగ్ మొదట 85 దగ్గర ఆపే ఎంపిక ఇచ్చి, 2024లో తన ఫోన్ల సాఫ్ట్‌వేర్ వన్ యూఐ 6.1తో దాన్ని 80కి దించింది. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఇది సాధారణంగా సెట్టింగులలోని బ్యాటరీ విభాగంలో దొరుకుతుంది. పేరు మాత్రం ఒక్కో కంపెనీలో ఒక్కోలా ఉంటుంది.

చట్టం కూడా ఈ దిశగా కదిలింది. 2025 జూన్ 20 నుంచి ఐరోపా సమాఖ్యలో అమ్మే స్మార్ట్‌ఫోన్ల బ్యాటరీలు 800 ఆవృత్తుల తర్వాత కనీసం 80 శాతం సామర్థ్యాన్ని నిలుపుకోవాలి. కోరుకున్నవారికి 80 దగ్గర ఛార్జింగ్ ఆపే ఎంపికా ఉండాలి. ఆ ఫోన్లలో కొన్ని ఇక్కడా అమ్ముడుపోతాయి కనుక ఆ నియమం ఫలం చిలమకూరు దాకా రావచ్చు.

ఈ పరిమితి ఎంపిక లేని చవక ఫోన్లు ఇంకా చాలా వాడుకలో ఉన్నాయి. 80 రాగానే గంట మోగించే యాప్‌లు ఉన్నాయి గానీ తీగ తీయాల్సింది మనిషే. రాత్రి మానేసి సాయంత్రం స్నానం, భోజనం వేళలో ఛార్జింగ్ పెట్టుకుని, పడుకునే ముందు తీసేయడం అలాంటి ఫోన్లకు సరిపోయే పద్ధతి. నెమ్మదిగా ఎక్కించే ఛార్జరు వాడినా వేడి తక్కువ పుడుతుంది.

కొన్ని పాత అలవాట్లు

నికెల్ కాడ్మియం బ్యాటరీల కాలంలో, పూర్తిగా ఖాళీ చేశాకే ఛార్జింగ్ పెట్టాలని, కొత్త ఫోనుకు ఎనిమిది గంటలు పెట్టాలని చెప్పేవారు. ఆ సలహా ఇప్పటికీ దుకాణాల్లో వినిపిస్తుంది. లిథియం బ్యాటరీకి అది చెరుపు. సున్నా దాకా దింపడం కూడా నిండా నింపడంలాగే దానికి శ్రమ; కొంచెం కొంచెంగా ఎన్నిసార్లు పెట్టినా హాని లేదు.

పరిమితి వల్ల వచ్చే ఒక చిక్కు నిజమైనదే. ఎంత ఛార్జింగ్ మిగిలిందో ఫోను లెక్కగట్టేది లోపలికి, బయటికి పోయిన కరెంటును కూడి తీసి. నెలల తరబడి 100 చూడని బ్యాటరీలో ఆ లెక్క నెమ్మదిగా తప్పుతుంది. 15 శాతం చూపిస్తూనే ఫోను ఆగిపోవచ్చు. అప్పుడప్పుడూ ఒకసారి నిండా పెడితే లెక్క సర్దుకుంటుంది. పరిమితి పెట్టి ఉన్నా ఐఫోన్ అరుదుగా 100 దాకా వెళ్లడం ఇందుకే, అది లోపం కాదు.

పరిమితి పనికిరాని బ్యాటరీలు

ఈ నియమం అన్ని బ్యాటరీలకూ వర్తించదు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్లు 3.65 వోల్టుల దగ్గరే నిండుతుంది. నిండా ఉండటాన్ని అది మెరుగ్గా తట్టుకుంటుంది. దాని వోల్టేజీ మధ్యలో దాదాపు మారదు కనుక లెక్క తప్పకుండా ఉండాలంటే తరచూ నిండా పెట్టడమే మంచిది. సౌర దీపాల్లో, కొన్ని విద్యుత్ వాహనాల్లో ఉండేది ఇదే.

సీసం, ఆమ్లంతో పనిచేసే బ్యాటరీకి సూత్రం పూర్తిగా తలకిందులు. తిరుపతి దగ్గర కరకంబాడిలో అమరరాజా సంస్థ తయారుచేసే అమరాన్ బ్యాటరీల వంటివి, ఇంటి ఇన్వర్టర్లలోవి, పాత ఛార్జింగ్ లైట్లలోవి ఈ రకం. వీటిని సగం నింపి వదిలేస్తే పలకల మీద సీసపు సల్ఫేట్ గట్టిపడి, మళ్లీ ఛార్జింగ్ ఎక్కనివ్వదు. జమ్మలమడుగు వైపు నల్లరేగడి నేలల్లో శనగకు వాడే బ్యాటరీ స్ప్రేయర్లు దీనికి మంచి ఉదాహరణ. చాలావాటిలో 12 వోల్టుల, 8 ఆంపియర్ అవర్ల సీసపు బ్యాటరీ ఉంటుంది. పంట చివరి మందు కొట్టాక స్ప్రేయరును కడిగి మూల పెడతారు. ఎండాకాలమంతా అది అక్కడే ఉంటుంది. తానంతట తానే ఛార్జింగ్ దిగిపోవడం వేడిలో ఎక్కువ కావడంతో, తర్వాతి పంటకు తీసేసరికి ఆ బ్యాటరీ చచ్చిపోయి ఉంటుంది. దాన్ని నిండా నింపి దాచాలి, నెలకొకసారి మళ్లీ ఛార్జింగ్ పెట్టాలి. అదే స్ప్రేయరులో లిథియం బ్యాటరీ ఉంటే సగం నింపి చల్లని చోట ఉంచాలి. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి కనుక బ్యాటరీ పైన రాసినది చదివి తీరాలి.

వాడకుండా దాచే ఫోను, పవర్ బ్యాంక్, ల్యాప్‌టాప్ ఏదైనా సగం ఛార్జింగ్‌తో ఉంచి, కొన్ని నెలలకు ఒకసారి చూడటం మేలు. పూర్తిగా ఖాళీగా దాచిన లిథియం బ్యాటరీ వోల్టేజీ మరీ పడిపోతే మళ్లీ లేవదు.

ఉబ్బిన బ్యాటరీ

ఫోను వెనుక మూత లేచినా, తెర అంచు దగ్గర సందు కనిపించినా, ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్ పైకి తన్నినా లోపల బ్యాటరీ ఉబ్బిందని అర్థం. ఆ దశ వచ్చాక ఏ పరిమితీ పనిచేయదు. ఛార్జింగ్ పెట్టడం మానాలి. దాన్ని నొక్కడం, గుచ్చడం, వాయువు పోతుందని పిన్నుతో పొడవడం చేస్తే లోపలి ధ్రువాలు కలిసిపోయి మంట లేస్తుంది. మార్చే బ్యాటరీ మీద భారతీయ ప్రమాణాల సంస్థ నమోదు గుర్తు, ఐఎస్ 16046 అన్న అంకె ఉన్నాయో లేదో చూసుకోవాలి. తీసేసిన బ్యాటరీని చెత్తలో వేస్తే చెత్తబండిలో నలిగి నిప్పు పుట్టవచ్చు, కుప్పలో ఉంటే లోహాలు నేలలోకి దిగుతాయి. 2022 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం పాత బ్యాటరీలను సేకరించి పునర్వినియోగానికి పంపే బాధ్యత తయారీదారులది, దిగుమతిదారులది. లిథియం బ్యాటరీలూ ఆ నియమాల కిందికే వస్తాయి.